ఉద్యమ పాటలో విలంబ గతి: నల్లగొండ, పాలమూరు పాటల్లో కాలం, శ్రుతి, భావం

వ్యాససంగ్రహం

పాటను విమర్శించేటప్పుడు తెలుగు సాహిత్య విమర్శ వస్తువును, రసాన్ని చర్చించినంతగా దాని గమనాన్ని చర్చించలేదు. నెమ్మదిగా సాగే పాటను కరుణరసానికి అప్పగించి ముందుకు సాగడం మనకు అలవాటైంది. నల్లగొండ నేలకు చెందిన సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలను, పాలమూరుకు చెందిన గోరటి వెంకన్న పాటను, పన్నెండు మెట్ల కిన్నెర సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని, ఉద్యమ పాటలో విలంబ గతి దుఃఖానికి పర్యాయం కాదని, అది ప్రశ్నకు ఇచ్చే వ్యవధి అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విలంబ గతి, ఉద్యమ పాట, సుద్దాల హనుమంతు, బండి యాదగిరి, గోరటి వెంకన్న, కిన్నెర, లయ, శ్రుతి.

1. ఉపోద్ఘాతం

పాశ్చాత్య సింఫనీలోని నెమ్మది భాగాన్ని గురించి రాసే సంగీత విమర్శకుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. దాని వేగం ఎంత? అది ఏ స్వరాన్ని ఆధారం చేసుకుంది? దానివల్ల కలిగే భావం ఏది? మొదటి రెండింటికీ జవాబు చెప్పకుండా మూడోదాని గురించి మాట్లాడితే ఆ విమర్శను ఎవరూ అంగీకరించరు. తెలుగు పాట విమర్శ చాలావరకు మూడో ప్రశ్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. పాటను అచ్చులో చదివి, అందులోని వస్తువును బట్టి రసాన్ని నిర్ణయిస్తాం. పాడినవారు ఎక్కడ ఆగారో, ఏ అచ్చును సాగదీశారో, వంత ఉందో లేదో మన వ్యాసాల్లో కనబడదు.

ఈ లోపం నా పరిశోధనలోనూ ఉంది. క్షేత్ర పర్యటనల్లో విన్న పాటల మాటలను మాత్రమే రాసుకున్నాను. సంవత్సరాల తరువాత ఆ కాగితాలను తిరగేస్తే, ఏది నాట్లలో పాడిన పాటో, ఏది రాత్రిపూట అరుగు మీద ఒంటరిగా పాడిన పాటో గుర్తు పట్టడం కష్టమైంది. మాటలు మిగిలాయి, గమనం పోయింది. అలా పోయినదానిలో పాట అర్థం ఎంత ఉందన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

2. లక్షణ గ్రంథాల మాట, ఊరి అనుభవం

లయను ద్రుత, మధ్య, విలంబితాలుగా విభజించడం మన లక్షణ గ్రంథాల్లో స్థిరపడిన పద్ధతి. నాట్యశాస్త్రం కాకువును వివరించే సందర్భంలో లయకూ రసానికీ సంబంధం చెబుతుంది. దాని ప్రకారం హాస్య శృంగారాలకు మధ్యలయ, కరుణకు విలంబితం, వీర రౌద్రాదులకు ద్రుతం తగినవి. నాటక వాచికానికి చెప్పిన ఈ సూత్రాన్ని మనం తెలియకుండానే ఉద్యమ పాటకు వర్తింపజేస్తున్నాం. వేగంగా ఉన్న పాటను వీరమని, నెమ్మదిగా ఉన్నదాన్ని కరుణ అని పిలుస్తున్నాం.

తెలంగాణ పల్లెలోని అనుభవం ఈ సూత్రాన్ని మొదటి అడుగులోనే ప్రశ్నిస్తుంది. పెళ్లికి, జాతరకు, చాటింపుకు, చావుకు డప్పు దరువులు వేరువేరు. దూరం నుంచి దెబ్బ వినగానే ఊళ్లో ఏం జరుగుతోందో పెద్దలు చెప్పగలరు. అయితే శవయాత్రలో మోగే డప్పు నెమ్మదిగా ఉండదు. ఉధృతంగా మోగుతుంది, దాని ముందు ఆడుతూ నడిచేవారూ ఉంటారు. అక్కడున్నది శోకమే, కానీ గమనం ద్రుతం. కాబట్టి కాలాన్ని బట్టి భావాన్ని నేరుగా నిర్ణయించే వీలు లేదు. ఈ రెండింటి నడుమ మరేదో పనిచేస్తోంది. పాట ఎవరిని ఉద్దేశించింది, ఎవరు బదులు పలుకుతారు అన్నవే ఆ నడుమనున్న విషయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

3. ఒకే పోరాటం, రెండు గమనాలు

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ ఆంధ్ర మహాసభ తరువాత నల్లగొండ జిల్లా పల్లెల్లో సంఘం వేళ్లూనుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలికావడంతో పోరాటం కొత్త దశకు చేరి 1951 వరకు సాగింది. ఆ పోరాటం ఇచ్చిన పాటల్లో రెండు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి. ఒకటి సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’. మరొకటి బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి కట్టి’. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ చిత్రంలో ఈ రెండూ ఉన్నాయి. 1980లో విడుదలైన ఆ చిత్రంలో రెండో పాటను గద్దర్ పాడారు. నేల ఒకటే, పోరాటం ఒకటే, ప్రతిపక్షమూ ఒకటే. అయినా మొదటిది నెమ్మదిగా, రెండోది వేగంగా సాగుతుంది.

పాడేవారి ఇష్టాన్ని బట్టి వేగం మారుతుందని, అది పాట నిర్మాణంలోని లక్షణం కాదని ఎవరైనా అనవచ్చు. ఈ అభ్యంతరాన్ని పరీక్షించడానికి పాటల పేర్లు చాలు. ‘పల్లెటూరి పిల్లగాడా’ అన్నదానిలో ఎనిమిది అక్షరాలున్నాయి. వాటిలో టూ, గా, డా అనే మూడు దీర్ఘాలు. ‘బండెనక బండి కట్టి’ అన్నదానిలోనూ ఎనిమిది అక్షరాలే ఉన్నాయి, కానీ ఒక్క దీర్ఘమైనా లేదు. ఇందులోని గురువులు మూడూ బిందువు వల్లనో, ద్విత్వానికి ముందుండడం వల్లనో ఏర్పడినవి. మాత్రల లెక్కలో మొదటిది పదమూడు, రెండోది పదకొండు. తేడా రెండు మాత్రలే అయినా గొంతుకు ఆ తేడా చాలా పెద్దది. దీర్ఘాచ్చును ఎంతసేపైనా సాగదీయవచ్చు. ‘కట్టి’లోని టకార ద్విత్వం మాత్రం గొంతును ఆపేస్తుంది. ఆగిన గొంతు మళ్లీ లేవాలంటే తరువాతి మాటలోకి దూకాల్సిందే. బండి వెనక బండి కదిలినట్టు మాట వెనక మాట తోసుకొస్తుంది.

దీర్ఘం ఉన్న ప్రతి పాటా నెమ్మదిగా సాగాలన్న నియమం లేదు. ఏ గమనాన్ని ఎంచుకోవాలన్నది గాయకుడి స్వేచ్ఛ. అయితే ఆ స్వేచ్ఛకు హద్దులు గీసేది పదాల నిర్మాణం. యాదగిరి పాటను విలంబంలో పాడబోతే పట్టుకుని నిలవడానికి గొంతుకు అచ్చు దొరకదు. హనుమంతు పాటను ద్రుతంలో పాడితే దీర్ఘాలు కురచబడి, పిల్లవాడిని లాలించే పిలుపు గదమాయింపుగా మారుతుంది.

ఈ రెండో మాట మరింత వివరణ కోరుతుంది. రెండు పాటల్లోనూ సంబోధన ఉంది. హనుమంతు పిలిచేది ‘పిల్లగాడా’ అని, యాదగిరి పిలిచేది ‘సర్కరోడా’ అని. రెండూ గౌరవవాచకం కాని పురుష సంబోధనలే, రెండూ ‘డా’తోనే ముగుస్తాయి. ఒకటి పశువులు కాసే పసివాడికి, మరొకటి రాజ్యాన్ని ఏలుతున్న నిజాముకు. ఒకే వ్యాకరణ రూపం ఒకచోట వాత్సల్యాన్ని, మరొకచోట ధిక్కారాన్ని పలుకుతోంది. వ్యాకరణం ఈ తేడాను చెప్పలేదు. ఎవరిని పిలుస్తున్నారో తెలిస్తే కొంత తెలుస్తుంది. చెవికి వెంటనే తెలియజేసేది మాత్రం గమనం. నెమ్మదిగా సాగిన ‘డా’ తల నిమురుతుంది, వేగంగా విరిగిన ‘డా’ వేలు చూపుతుంది.

4. లెక్క పెట్టడం: రెండు తీరులు

రెండు పాటల్లోనూ మరో సామాన్య లక్షణం ఉంది. రెండూ లెక్క పెడతాయి. యాదగిరి పాట వరుస కట్టిన బండ్లతో మొదలవుతుంది. అది దొరతనపు బలం లెక్క. ఆ లెక్క వేగంగా సాగినకొద్దీ ఆడంబరం పలచబడి ఎగతాళి పైకి తేలుతుంది. ఎన్ని బండ్లున్నా ఒక్క ఊపులో దాటిపోగలమన్న ధీమా గమనంలోనే ఉంది.

హనుమంతు పాట లేమిని లెక్క పెడుతుంది. చలికి ఆగని చిరుగుల అంగీ, కప్పుకున్న గోనె, కాలిలో దిగే ముల్లు, జీతంగా కొలిచే నాసిరకం గింజలు ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి. ఈ పట్టికను వేగంగా చదివితే అది దారిద్ర్య వర్ణన మాత్రమే అవుతుంది. నెమ్మదిగా పాడినప్పుడు ఒక్కో వస్తువు ముందు నిలబడి చూడక తప్పదు. వినేవాడు ఆ అంగీని దాటి గోనె దగ్గరికి వెళ్లడానికి తొందరపడలేడు. పాట అతడిని అక్కడే నిలబెడుతుంది. పాత తెలంగాణ పల్లెలో ‘జీతం’ అంటే నెలసరి వేతనం కాదు, దొర ఇంట్లో కట్టుబడి చేసే చాకిరి. తల్లి చాటున ఉండాల్సిన వయసు పిల్లవాడికి జీతగాడన్న పేరు రావడమే పాటలోని వైరుధ్యం. ఆ మాటను సాగదీసి పలికినప్పుడు వైరుధ్యం చెవిలో నిలుస్తుంది.

ఈ పాటలో ప్రశ్నలకు బదులు రాదు. పాడేవాడు అడుగుతాడు, పిల్లవాడు పలకడు. వేగంగా సాగే సామూహిక గీతంలో వంత పాడేవారు ప్రతి పాదానికీ బదులిస్తారు, జనం గొంతు పాటను పూరిస్తుంది. హనుమంతు పాటలో చరణానికీ చరణానికీ నడుమ వచ్చే విరామం పిల్లవాడి మౌనానికి చోటు. ఆ మౌనాన్ని వినిపించాలంటే పాట నెమ్మదించక తప్పదు. బదులు చెప్పాల్సిన భారం అప్పుడు వినేవాడి మీద పడుతుంది. దీన్ని కరుణ అంటే సగమే చెప్పినట్టు. జాలి పడినవాడు కన్నీరు తుడుచుకుని ఇంటికి వెళ్లవచ్చు. ప్రశ్న ఎదుర్కొన్నవాడు అంత తేలిగ్గా వెళ్లలేడు. గొల్ల సుద్దులు, యక్షగానం వంటి ప్రదర్శన రూపాలను పోరాటానికి వాడుకున్న హనుమంతుకు సభలోని మౌనం విలువ తెలియకపోదు.

5. శ్రుతి ఎవరిది?

సింఫనీకి ఆధారస్వరం రచనలోనే నిర్ణయమై ఉంటుంది. జానపద గానంలో అటువంటి స్థిర నిర్ణయం ఉండదు. అందుకే ఈ పాటల శ్రుతిని చర్చించేటప్పుడు ‘ఏ స్వరం’ అని కాక ‘ఎవరి గొంతుకు అనువైనది’ అని అడగాలి. సామూహిక గీతంలో శ్రుతి ఉమ్మడి ఒప్పందం. వంత పాడే ప్రతి గొంతూ అందుకోగలిగిన స్థాయిలోనే పాట సాగాలి. డప్పు తోడుంటే పాటకు ముందు దాన్ని మంట దగ్గర కాపి చర్మాన్ని బిగిస్తారు. కచేరీలో శ్రుతి చూసుకోవడం వంటిదే ఆ పని. ఏకాంతంగా సాగే విలంబ గీతానికి ఇటువంటి ఉమ్మడి ఏర్పాటు అక్కరలేదు. గాయకుడు తన గొంతులో కింది స్థాయిని ఎంచుకోవచ్చు, పాట నడుమ స్వరాన్ని దాదాపు మాటగా మార్చవచ్చు. హనుమంతు పాటలోని ప్రశ్నలు పాటకూ మాటకూ సరిహద్దులో నిలబడగలగడానికి ఇదొక కారణం.

ఈ రెండింటికీ భిన్నమైన మూడో ఏర్పాటు పాలమూరులో ఉంది. డక్కలి కళాకారులు వాయించే పన్నెండు మెట్ల కిన్నెరలో సొరకాయ బుర్రలు నాదాన్ని పెంచుతాయి, మైనంతో నిలిపిన మెట్లు స్వరస్థానాలను నిర్ణయిస్తాయి. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించడంతో ఈ వాద్యం పేరు విస్తృతంగా తెలిసింది. ఇక్కడ శ్రుతి గుంపుదీ కాదు, గొంతుదీ కాదు. అది వాద్యం మీద మైనంతో నిలబడి ఉంది.

కిన్నెర కథకుడు పాడేదీ తానే, వాయించేదీ తానే. ఊపిరి పీల్చుకునే చోట వాద్యం పలుకుతుంది. అంటే హనుమంతు పాటలో మౌనం ఉన్న స్థానంలో ఇక్కడ కిన్నెర నాదం ఉంది. పండుగ సాయన్న కథ వీరగాథ. ఉన్నవారిని కొట్టి లేనివారికి పంచినవాడిగా పాలమూరు అతడిని తలుచుకుంటుంది. అయినా ఆ కథకు తోడు నిలిచింది రణభేరి కాదు, మాటకు మాటకు నడుమ ఎడమిచ్చే తీగల వాద్యం. వీరానికి ద్రుతమే తగినదన్న సూత్రంతో ఈ ఎంపికను వివరించలేం. ఓడిన వీరుడి కథ చెప్పేవారికి గెలుపు నడక కన్నా జ్ఞాపకానికి పట్టే సమయం ముఖ్యం.

6. సింఫనీ నుంచి ఒక పోలిక

ఈ అంశాన్ని స్పష్టం చేయడానికి బీథోవెన్ మూడో సింఫనీ ఉపకరిస్తుంది. ‘ఎరోయికా’గా పేరుపొందిన ఈ కృతి తొలి బహిరంగ ప్రదర్శన 1805 ఏప్రిల్ 7న వియన్నాలో జరిగింది. వీరత్వాన్ని ప్రకటించే పేరున్న ఈ సింఫనీలో రెండో భాగం శవయాత్ర గీతం. వేగ సూచన ‘అడాజియో అస్సాయి’, అంటే చాలా నెమ్మది. మొదటి భాగం ఈ ఫ్లాట్ మేజర్‌లో, రెండోది సి మైనర్‌లో ఉన్నాయి. ఈ రెండు స్వరాధారాలకూ మూడు కోమల స్వరాలున్న ఒకే సూచిక వర్తిస్తుంది. ఆధారషడ్జం మారడంతో భావం మారుతుంది. మన సంగీతంలో శంకరాభరణ ధైవతాన్ని షడ్జంగా భావిస్తే నటభైరవి ఏర్పడే గ్రహభేదం ఇటువంటిదే. ‘పిల్లగాడా’, ‘సర్కరోడా’ అన్న సంబోధనల్లో మనం చూసిందీ దీనికి దగ్గరిదే. సామగ్రి ఒకటే అయినా, దాన్ని ఎక్కడ నిలబడి పలుకుతున్నామన్నది భావాన్ని మార్చింది.

మరో పోలిక విరామానికి సంబంధించినది. ఆ శవయాత్ర గీతం చివర మొదటి స్వరవాక్యం పూర్తిగా తిరిగి రాదు. నడుమ నిశ్శబ్దాలు చొరబడి ముక్కలుగా వినిపిస్తుంది. ఇక్కడ విలంబం శోకాన్ని అలంకరించడం లేదు. వాక్యం పూర్తికాలేని స్థితిని వినిపిస్తోంది. వీరత్వాన్ని గురించిన కృతి నడిబొడ్డున ఈ భాగం ఉండడం, పోరాట గీతాల నడుమ హనుమంతు పాట ఉండడం వంటిదే. గెలుపు ఎవరి కోసమన్న విషయాన్ని వేగం మరిపించగలదు. నెమ్మది భాగం దాన్ని తిరిగి ముందుకు తెస్తుంది. రెండు సంప్రదాయాల చరిత్రలు వేరు, శ్రోతలు వేరు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని ఇక్కడ చెప్పడం లేదు. విలంబానికి శోకం ఒక్కటే పని కాదన్న మేరకే ఈ పోలిక.

7. ‘ఓ’కారపు సందేహం: హనుమంతు నుంచి వెంకన్న దాకా

పాలమూరు గౌరారానికి చెందిన గోరటి వెంకన్న పాట ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో వచ్చిన ‘కుబుసం’ చిత్రం ద్వారా ఇంటింటికీ చేరింది. ‘వల్లంకితాళం’ సంపుటికి వెంకన్న 2021 సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. హనుమంతు పాటకు, ఈ పాటకు నడుమ అర్ధశతాబ్దానికి పైగా దూరం ఉంది. వెట్టి పోయింది, మార్కెట్ వచ్చింది. ప్రాజెక్టుల మట్టి పనులకు దేశమంతటా తరలిన కూలీల వల్ల ‘పాలమూరు లేబర్’ అన్న మాట పుట్టింది. అయినా రెండు పాటలను కలిపే వ్యాకరణ సూత్రం ఒకటుంది.

హనుమంతు పల్లవిలోని ప్రశ్న, వెంకన్న పాట పేరులోని క్రియ రెండూ ‘ఓ’కారంతో ముగుస్తాయి. తెలుగులో ‘ఆ’ చేరిన క్రియ ఎదుటివాడిని నేరుగా అడుగుతుంది. ‘ఓ’ చేరిన క్రియ సందేహాన్ని పలుకుతుంది. అడిగేవాడికే జవాబు తెలియదన్న సూచన, తెలిసినా చెప్పడానికి నోరు రాదన్న సూచన అందులో ఉన్నాయి. ఉచ్చారణలోనూ ‘ఓ’కారం ఎంతసేపైనా నిలవగల దీర్ఘం. ఇక్కడ వ్యాకరణార్థమైన సందేహం, సంగీతార్థమైన విలంబం ఒకే అక్షరంలో కలిశాయి. అచ్చు పుటలో ఆ ‘ఓ’ ఒక్క అక్షరం. పాడినప్పుడు పాట బరువంతా దాని మీద ఆగుతుంది.

వెంకన్న కూడా లెక్క పెడతారు. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి మొదలుకొని ఒక్కో వృత్తి దగ్గర ఆగి, అక్కడ ఏది ఆగిపోయిందో చూపిస్తారు. హనుమంతు ఒక పిల్లవాడి ఒంటి మీది లేమిని లెక్కించినట్టే, వెంకన్న ఊరి ఒంటి మీది లేమిని లెక్కిస్తారు.

అయితే ఒక భేదాన్ని విమర్శ దాటవేయకూడదు. హనుమంతు పాటలో ఎదుట ఒక పిల్లవాడున్నాడు. అతడు పలకకపోయినా పలకగలవాడు. రేపు సంఘంలో చేరగలవాడు కూడా. వెంకన్న పాటలో ఏడుస్తున్నది పల్లె. పల్లెకు ఒక గొంతు లేదు. కుమ్మరి, కమ్మరి, దొర, కూలీ అందరూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతారు. విలంబ గతి ఇక్కడ ఒక ప్రమాదాన్ని వెంట తెస్తుంది. నెమ్మదిగా తలుచుకున్నప్పుడు పోయినదంతా మంచిదే అనిపిస్తుంది. ఆ వృత్తుల వెనకనున్న కుల కట్టుబాటు, హనుమంతు చూపిన జీతగాడి బతుకు జ్ఞాపకపు వెలుగులో మరుగునపడే అవకాశం ఉంది. పాటను ఈ ప్రమాదం నుంచి చాలావరకు కాపాడింది మళ్లీ ఆ పట్టికే. వెంకన్న పల్లెను గురించి సాధారణంగా విలపించకుండా, ఒక్కో పనిముట్టు పేరు చెప్పి కారణం వెతుకుతారు. పట్టిక ఉన్నంత మేరకు ఇది విచారణ, పట్టిక సడలిన చోట స్మృతిగీతం. ఈ రెండింటి నడుమ రేఖను గుర్తించడానికి కరుణరసం అన్న ఒక్క పదం సరిపోదు.

8. ఉపసంహారం

పై పరిశీలనలో తేలినవి మూడు. ఒకటి, ఉద్యమ పాట గమనం గాయకుడి ఇష్టం మీదనే ఆధారపడదు. దీర్ఘాలు, ద్విత్వాలు, ముగింపు అచ్చు దానికి హద్దులు గీస్తాయి. రెండు, శ్రుతి ఎవరి ఆధీనంలో ఉందన్నది పాటకూ సమూహానికీ గల సంబంధాన్ని తెలుపుతుంది. మూడు, విలంబ గతి దుఃఖాన్ని పలికినప్పుడు కూడా వినేవాడి మీద జవాబుదారీని మోపగలదు. ద్రుతగీతం జనాన్ని కదిలిస్తే, విలంబ గీతం ఎందుకు కదలాలో అడుగుతుంది. పోరాటానికి రెండూ కావలసి వచ్చాయి.

ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన నుంచి నేటి వరకు తెలుగు శాఖలు సేకరించిన పాటల సంపద చిన్నది కాదు. దానికి ఇప్పుడు గమనాన్ని చేర్చాలి. పాట ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తూ పాడారు, వంత ఉందా, ఎక్కడ ఆగారు, ఏ అచ్చును సాగదీశారు అన్న అయిదారు వివరాలు ప్రతి పాట పక్కన రాయడానికి సంగీత శాస్త్రంలో పాండిత్యం అవసరం లేదు. చెవి, చేతిలోని ఫోను చాలు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని పరిశోధకులకు ఈ పాటలు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి. మాటలను తరువాత ఏ పుస్తకంలోనైనా వెతికి పట్టుకోవచ్చు. పాడిన ముసలమ్మ ‘ఓ’కారం మీద ఎంతసేపు నిలిచిందో, ఆ నిలిచినంతసేపు ఎవరి ముఖం చూసిందో ఏ పుస్తకంలోనూ దొరకదు.